పడే మందు ఆపారు, పడని పాలు తెస్తున్నారు

గౌరవనీయులైన పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం మీదున్న రోగి అన్న రాసుకొను అర్జీ.

విషయం: మా చెల్లి చేతికి కట్టిన ఎర్ర పట్టీ మీద తప్పు రాయబడినందున, దానిని సరిచేయించి, ఆమెకు పడే మందు ఇప్పించి, పడని పదార్థములు ఆపించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

నేను తమ ఆసుపత్రికి మంచినీళ్ళ క్యాన్లు వేసేవాణ్ణి. తమరి గదిలో బీరువా పక్కన బోర్లించి ఉండే నీలం క్యాను నేను తెచ్చిందే. తమరు నన్ను చూసి ఉండరు. నేను వచ్చే వేళకి తమరి కుర్చీ ఖాళీగా ఉంటుంది, కుర్చీ మీద తువ్వాలు మాత్రం ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. టైర్ల కొట్టులో చేశాను, ఐసు ఫ్యాక్టరీలో చేశాను, గోడలకి రంగులు వేశాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతానని మా అమ్మ అంటుంది. ఈ క్యాన్ల పని మాత్రం నిలబడింది, ఎందుకంటే ఇందులో తిరగడమే పని.

తమరి ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసిపెట్టే తాత ఒకాయన ఉన్నారు. నా మాట మొత్తం విని, ఇది నువ్వే రాసుకోరా అబ్బాయ్, నేను రాస్తే అందరి అర్జీలా ఉంటుంది అన్నారు. నెంబర్లు వేసి రాయమన్నారు. కోపం రాయొద్దన్నారు. నెంబర్లు వేశాను. కోపం సంగతి ప్రయత్నిస్తాను.

1. మా చెల్లికి పుట్టినప్పటి నుంచీ పాలు పడవు. అంటే కడుపుబ్బరం, తేన్పులు అని కాదు. నడక రాని వయసులో పక్కింటావిడ ముద్దొచ్చి వేలితో కాస్త పెరుగు నాకిస్తే, మొహం గుమ్మడికాయలా వాచి, ఊపిరి అందక, పెదాలు నీలంగా అయిపోయాయి. అప్పటి నుంచి మా ఇంట్లోకి పాలు గానీ, పెరుగు గానీ, నెయ్యి గానీ రావు. టీ కూడా నల్లదే. మా పిన్ని ఒకసారి వచ్చి ఆ టీ తాగి, మీది ఇల్లా జైలా అంది. అమ్మ ఇంకో గ్లాసు పోసింది.

చెల్లిని ఇంట్లో బుడంకాయ అంటాం. మనిషి అంతే ఉంటుంది గానీ నోరు ఊరంత. బిస్కెట్టు కొనాలన్నా కొట్టువాడిని నిలబెట్టి, పాకెట్టు వెనక చిన్నక్షరాలు మొత్తం చదివి, వాడి ఓపిక అయిపోయాక, వద్దులే అని వచ్చేస్తుంది. "నేను పోతే బిస్కెట్టు వల్లే పోతాన్రా అన్నయ్యా, నవ్వకుండా ఏడవండి" అనేది. ఆ జాగ్రత్త వల్లే ఇన్నేళ్ళూ ఏమీ కాలేదని తమరు గమనించవలెను.

2. పోయిన వానాకాలంలో చెల్లికి గొంతులో చీముపట్టి జ్వరం వచ్చింది. మా వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ఆ డాక్టరుగారు మంచాయనే. ఏమైనా మందులు పడవా అని ఆయనే అడిగారు. మా అమ్మ చెప్పింది, "మందులన్నీ పడతాయి బాబూ, పాలే పడవు."

"పాలు నేనివ్వడం లేదు కదమ్మా" అన్నారాయన.

అందరం నవ్వాం. చెల్లి కూడా నవ్వింది, గొంతు నొప్పితోనే.

యాంటీబయాటిక్ బిళ్ళలు రాశారు, పెన్సిలిన్ జాతివి. అవే బిళ్ళలు చిన్నప్పుడు చెవిపోటుకి కూడా వాడింది. రెండు రోజులు వేసుకుంది, జ్వరం దిగింది, ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేదు. కాకపోతే విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ వెళ్ళి చెబితే కాంపౌండరు పొడి పొట్లాలు ఇచ్చాడు. నీళ్ళలో కలిపి తాగితే కడుపు కుదురుతుందన్నాడు. చెల్లి తాగింది. గ్లాసు కింద పెట్టకముందే పెదవి వాచింది. దగ్గు, తర్వాత ఈల లాంటి శ్వాస. క్యాన్ల ట్రాలీ ఆటోలో వెనక క్యాన్ల మధ్య పడుకోబెట్టి, అమ్మ తల పట్టుకుంటే, తమ ఆసుపత్రి క్యాజువాలిటీకి తెచ్చాను. తొడకి సూది వేశారు. ఊపిరి వెనక్కి వచ్చింది.

ఆ రోజు మా చెల్లిని బతికించింది తమ ఆసుపత్రే. ఇకముందు ఈ అర్జీలో నేనేం రాసినా ఆ మాట మర్చిపోయి రాయడం లేదని మనవి.

3. అసలు తప్పు అప్పుడే జరిగింది. సూది వేసిన డ్యూటీ డాక్టరు, ఏం మందు వేశారమ్మా అని అడిగారు. అమ్మ కొంగుముడి విప్పి బిళ్ళల అట్ట చూపించింది. పొడి సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎందుకంటే మా లెక్కలో అది మందు కాదు. కడుపుకి ఇచ్చిన పొడి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళలాంటిది. ఆయన మందు అడిగారు, మేం మందు చూపించాం. పాలు పడవని కూడా అమ్మ చెప్పింది. పాలేమైనా తాగిందా అన్నారు. లేదన్నాం. అదీ నిజమే.

దాంతో ఆయన ఆ జాతి మందులేవీ ఈమెకు పడవని రాసి, ఎర్ర ముద్ర వేసి, అది చెల్లి చీటీలోకి, కంప్యూటర్లోకి ఎక్కించారు. పాల ముక్క ఎక్కడా ఎక్కలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. తేలును చూశాం, అది కుట్టిందనుకున్నాం. పక్కనున్న పామును చూడలేదు.

4. చెల్లి అట్టపెట్టెలు చేసే షెడ్డులో పని చేస్తుంది. ఈమధ్య అట్టల బండి జారి మోకాలి కింద ఎముక మీద పడింది. విరిగిన ఎముకకి తమ ఆసుపత్రిలోనే రాడ్డు వేశారు. తర్వాత లోపల చీము పట్టింది. మళ్ళీ చేర్చుకున్నారు. చేర్చుకునేటప్పుడే కంప్యూటరు చూసి, పెన్సిలిన్ పడదని రాసిన ఎర్ర పట్టీ చేతికి కట్టారు.

చీము పరీక్షకి పంపారు. ఆ క్రిమికి పెన్సిలిన్ జాతిలోదే ఒక ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందని వచ్చింది. ఎర్ర పట్టీ ఉంది కాబట్టి అది ఇవ్వకుండా వేరే జాతి ఇంజెక్షన్ పెట్టారు. అది చెవులకీ కిడ్నీలకీ దెబ్బ అని వాళ్ళే చెప్పారు, చూసుకుంటూ ఇస్తామన్నారు. చెల్లి మొదట చెవిలో జోరీగ మోత అంది. ఫ్యాను మోతమ్మా అని నర్సమ్మ చెప్పింది. కరెంటు పోయినప్పుడు కూడా మోత ఉందని చెల్లి చెప్పింది. తర్వాత పక్క మంచం ముసలావిడ మాట్లాడుతుంటే ఆవిడ నోటి వంక చూడటం మొదలెట్టింది. చెవి పరీక్షకి వచ్చే నెల రమ్మన్నారు. వార్డులోనే ఉన్న మనిషికి వచ్చే నెల ఏంటో నాకు అర్థం కాలేదు.

చీము తగ్గలేదు. ఇలాగే ఉంటే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చని పెద్ద డాక్టరుగారు అమ్మతో అన్నారు. క్రిమి చావడం లేదు, చెల్లి చెవులు చస్తున్నాయి. అర్జీలో ఇలా రాయొచ్చో లేదో తెలీదు. రాశాను.

5. తమ ఆసుపత్రిలో ట్రైనింగుకి వచ్చిన చిన్న డాక్టరమ్మ ఒకామె ఉండేది. ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వానాకాలంలో ఊపిరందని ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లోకి వెళ్ళిందంతా చెప్పండి, మందులు కాదు, అన్నీ అంది. పళ్ళపొడి దగ్గర మొదలైంది. చెబుతూ చెబుతూ అమ్మ పొడి దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ రాయడం ఆపింది. ఆ పొట్లం ఇంకోటి దొరుకుతుందా అని అడిగింది. ఇంట్లో అలమరలో మిగిలినవి ఉన్నాయి, తెచ్చాను. ఆవిడ వెనక చిన్నక్షరాలు చూసి నాకు చూపించింది.

ఆ పొడిలో ఉండేవి మంచి సూక్ష్మజీవులట. వాటిని పాల మీద పెంచుతారట. అన్ని కంపెనీలవీ కాదు గానీ, కొన్ని పొట్లాల్లో ఆ పాల అంశం మిగిలి ఉంటుందట. మామూలు వాళ్ళకి ఏమీ కాదు. మా బుడంకాయ లాంటి దానికి ఆ కాస్త చాలట. బిస్కెట్టు పాకెట్లన్నీ చదివిన పిల్ల, ఆ రోజు జ్వరంలో ఉండి, మందుల కొట్టు నుంచి వచ్చిందని ఆ ఒక్కటి చదవలేదు.

బిళ్ళలు రెండు రోజులు వేసుకున్నా ఏమీ కాలేదు కాబట్టి బిళ్ళల తప్పు కాకపోవచ్చు, కానీ నోటిమాటతో తేల్చకూడదు, పరీక్ష చేయాలి అంది డాక్టరమ్మ. ముందు చర్మం మీద చుక్క పెట్టి చూస్తారట. తర్వాత కాస్త కాస్తగా ఇస్తూ, ప్రాణం కాపాడే సూది పక్కనే పెట్టుకుని చూస్తారట. నా మొహం చూసి ఏం అర్థమైందో, "నువ్వు బయట కొనుక్కొచ్చి ఇంట్లో ప్రయోగాలు చెయ్యకు బాబూ, నిజంగా చెబుతున్నా" అంది. నేను అప్పటికే మందుల కొట్టులో ధర అడిగి వచ్చాను. చెయ్యలేదు.

ఆవిడ వెళ్ళి పెద్ద డాక్టరుగారిని అడిగింది. నేను వరండాలో క్యాను మారుస్తున్నాను, నన్ను వాళ్ళు చూడలేదు.

"ఎర్ర పట్టీ ఉన్న పిల్లకి ఆ మందిచ్చి ఏమన్నా అయితే జవాబు ఎవరు చెప్పాలి?" అన్నారాయన.

"ఇవ్వక ఏమన్నా అయితే సార్?"

"దానికి జవాబు ఎవరూ అడగరమ్మా."

ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆయన నిజమే చెప్పారు. అందుకే జవాబు అడగడానికి ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

ఎర్ర ముద్ర వేసినవాళ్ళే తీయాలట, లేదా తమరు తీయించాలట. వేసిన డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయారు. చిన్న డాక్టరమ్మకి కూడా ఆ వార్డులో గడువు అయిపోయి పిల్లల వార్డుకి మార్చారు. వెళ్తూ వెళ్తూ, "సూపరింటెండెంటు గారికి రాసి ఇవ్వండి, రాస్తేనే కదులుతుంది" అని చెల్లికి చెప్పింది. చెల్లికి వినపడక రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుందని అమ్మ చెప్పింది.

6. రోజూ పొద్దున వంటింటి నుంచి మా చెల్లి మంచం దగ్గరికి గ్లాసుడు పాలు వస్తున్నాయి. ఎర్ర పట్టీ కట్టిన చేతి పక్కనే పెడుతున్నారు. వద్దని అమ్మ రోజూ చెబుతోంది. పట్టీ మందులకట, భోజనాలది వేరే విభాగమట. తాగకపోతే పక్కన పెట్టెయ్యమన్నారు. ఒకరోజు పక్క మంచం ముసలావిడ చెయ్యి తగిలి ఆ పాలు చెల్లి దుప్పటి మీద ఒలికాయి. చేతులు, మెడ దద్దుర్లు తేలాయి. నర్సమ్మ వచ్చి చూసి, ఇంజెక్షన్ కూడా పడటం లేదేమో అని రాసుకుంది.

అయ్యా, పడే మందు ఆపారు, పడని పాలు తెస్తున్నారు. ఈ ఆరో నెంబరుకి నేను ఇంకేమీ కలపడం లేదు.

7. నా మీద తమ ఆసుపత్రి సెక్యూరిటీ వారు రాసిన ఫిర్యాదు గురించి. నేను నర్సమ్మ మీద చెయ్యి చేసుకున్నానని రాశారు. జరిగింది మనవి చేస్తున్నాను. యాంటీబయాటిక్ రాసిన ప్రతివాళ్ళకీ దాని వెంట ఆ కడుపు పొడి కూడా వస్తుందట, కూరగాయలు కొంటే కొసరు వేసినట్టు. నేను క్యాను భుజాన వేసుకుని వార్డులోకి వెళ్ళేసరికి నర్సమ్మ గ్లాసులో పొడి కలిపి చెల్లి చేతికి ఇస్తోంది. అదే పొట్లం, అదే ఆకుపచ్చ రంగు. చెల్లి జ్వరంలో ఉంది, గ్లాసు ఎత్తింది. నేను క్యాను వదిలేసి గ్లాసుని కొట్టాను. గ్లాసునే, మనిషిని కాదు. క్యాను పగిలి వార్డంతా నీళ్ళయ్యాయి. నర్సమ్మ జారి పడబోయి మంచం పట్టుకుంది. ఆవిడ భయపడిన మాట నిజం. ఆవిడకి క్షమాపణ చెప్పుకుంటాను, ఎప్పుడు రమ్మంటే అప్పుడు. కానీ మళ్ళీ ఆ గ్లాసు చూస్తే మళ్ళీ కొడతానని కూడా మనవి చేసుకుంటున్నాను.

ఆ రోజు నుంచి నన్ను లోపలికి రానివ్వడం లేదు. క్యాన్లు గేటు దగ్గర దించి వెళ్ళమన్నారు. లోపల అమ్మ ఒక్కతే కాపలా. అమ్మకి చదువు రాదు. ఎవరు ఏం తెచ్చినా, ఇందులో పాలున్నాయా నాయనా అని అడుగుతోంది. "మందులో పాలేంటమ్మా, చాదస్తం కాకపోతే" అని నవ్వుతున్నారట. ఆ నవ్వు మేమూ ఒకప్పుడు నవ్వాం కాబట్టి, వాళ్ళని ఏమీ అనలేను. అమ్మ ఇస్త్రీ పని మానేసి కూర్చుంది. కునుకు పట్టేటప్పుడు తన చెయ్యి చెల్లి నోటి మీద పెట్టుకుని పడుకుంటోంది, ఎవరైనా ఏమైనా తాగించబోతే మెలకువ వస్తుందని.

నన్ను రానివ్వరు కాబట్టి, పొద్దున క్యాన్లు దించాక ఆసుపత్రి వెనక వైపు వెళ్ళి, ఎముకల వార్డు కిటికీ కింద ఆటో ఆపి హారన్ కొడతాను. మా ఆటో హారన్ గొంతు పట్టేసిన బాతు అరిచినట్టుంటుందని చెల్లి ఎప్పుడూ ఎగతాళి చేసేది. అది వినగానే కిటికీలోంచి తువ్వాలు ఊపుతుంది. అంతే మా పలకరింపు. ఆసుపత్రి ఆవరణలో హారన్ కొట్టరాదని బోర్డు ఉందని నాకు తెలుసు. మన్నించగలరు.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా,

మా చెల్లికి వినికిడి పూర్తిగా పోకముందే ఇప్పుడిస్తున్న ఆ ఇంజెక్షన్ సంగతి ఆలోచించమని పెద్ద డాక్టరుగారికి చెప్పవలెను. పెన్సిలిన్ పడుతుందో పడదో చిన్న డాక్టరమ్మ చెప్పిన పరీక్ష తమ ఎదుట గానీ, తమరు నమ్మే డాక్టరు ఎదుట గానీ చేయించి, పడుతుందని తేలితే కాలు పోకముందే ఆ మందు ఇప్పించవలెను. పరీక్షలో ఏమైనా అయితే బాధ్యత మాదేనని అమ్మ వేలిముద్ర, నా సంతకం రెండూ ఇస్తాం. పడదని తేలితే మళ్ళీ నోరెత్తను.

ఎర్ర పట్టీ మీద పాలు అని, ఆ పొడి అని రాయించవలెను. పట్టీ మీద అంత చోటు లేదంటే మా చెల్లి నుదుటి మీద రాయండి, ఆవిడ ఏమీ అనుకోదు. వంటింటికి కూడా ఒక మాట చెప్పించవలెను. మా చెల్లి ఒక్కదాని సంగతే కాదు. తిండి పడనివాళ్ళు యాంటీబయాటిక్ కోసం వచ్చినప్పుడు, మందు ఏదని మాత్రమే కాకుండా, దాంతోపాటు ఏమేం మింగారని కూడా అడగమని తమ డాక్టర్లకి చెప్పించవలెను. చిన్న డాక్టరమ్మ స్టూలు వేసుకుని అడిగింది అదొక్కటే. ఆ స్టూలు ఇంకా ఆ మంచం దగ్గరే ఉంది.

నన్ను లోపలికి రానివ్వకపోయినా ఫరవాలేదు.

పై సంగతులన్నీ తమరు దయతో చిత్తగించవలెను. తమరు రోజూ తాగే నీళ్ళ మీద ఒట్టు, ఇందులో ఒక్క అబద్ధం లేదు.

తమ విధేయుడు,
క్యాన్ల అబ్బాయి
(ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం రోగికి అన్న)

తాజా కలం: సార్, ఈ కాగితం జేబులో పెట్టుకుని, తమరికి ఇచ్చేముందు ఒకసారి కిటికీ కిందికి వెళ్ళాను. హారన్ కొట్టాను. తువ్వాలు ఊగలేదు. మళ్ళీ గట్టిగా కొట్టాను, చెయ్యి తియ్యకుండా కొట్టాను. అన్ని వార్డుల కిటికీల్లోంచీ జనం తొంగి చూశారు. వాచ్‌మన్ తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మా బుడంకాయ కిటికీ పక్కనే కూర్చుని, అటు తిరిగి జడ వేసుకుంటోంది. నాకు వీపు కనపడుతోంది. జడ మొత్తం అల్లింది, రిబ్బను కట్టింది, తల తిప్పలేదు. అమ్మ వచ్చి భుజం తట్టి కిందికి చూపించాక తిరిగింది. నవ్వుతూ తువ్వాలు ఊపింది. ఇప్పుడే వచ్చాననుకుంది.

కాబట్టి సార్, పైన "వినికిడి పూర్తిగా పోకముందే" అని రాసిన ముక్క కొట్టేశానని అనుకోండి. కాగితం మీద గీత పెడితే మళ్ళీ మొత్తం రాయాలి, అంత టైము లేదు. మిగతావి అలాగే ఉంచండి.

కాలు ఇంకా ఉంది.